ఎర్రకారు వచ్చేదాకా

పలాస జీడిపిక్కల వ్యాపారులు గణపతిరావు గురించి ఒక మాట అనుకుంటారు. ఆయన కోసి చూడందే గుళ్ళో ప్రసాదమైనా నోట్లో వేసుకోడని. అందులో అతిశయం ఏమంత లేదు. ఉద్దానం రైతు ఎవరైనా బస్తా తెచ్చి ఫ్యాక్టరీ గేటు దగ్గర దించితే, పైనున్న పిక్కల జోలికి పోయేవాడు కాదాయన. మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు పైకి తీసి, రైతు కళ్ళెదుటే ఒక్కొక్కటీ కోసి పప్పు చూసేవాడు. పుచ్చు కనబడిందా, ఆ గింజని చుట్టూ ఉన్నవాళ్ళందరికీ తిప్పి చూపించి, "మూతి కట్టీవయ్యా" అనేవాడు. బస్తా మూతి కట్టుకుని బండెక్కిన రైతు ఊరు చేరేదాకా ఆయన్ని తిట్టుకుంటూ పోయేవాడు. తిట్టుకోనీ, నాకేం అన్నట్టుండేవాడు గణపతిరావు.

అటువంటి మనిషి, రెండువేల అయిదో సంవత్సరంలో, ఇంగ్లండులో ఎక్కడో ఉన్న కారుని కంటితో చూడకుండా, చేత్తో తట్టకుండా, కంప్యూటర్లో నాలుగు బొమ్మలు చూసి కొనేశాడు.

కారంటే మామూలు కారు కాదు. పందొమ్మిది వందల నలభై ఎనిమిదో సంవత్సరం నాటి స్పోర్ట్స్ కారు. ఎర్రది. రెండే సీట్లు, పైకప్పు లేదు, ముందు రెండు పెద్ద గుడ్ల లైట్లు. అంత పాతది కాబట్టే మన దేశంలోకి తెప్పించుకోవడానికి అనుమతి దొరుకుతుందని వైజాగు ఏజెంటు చెప్పాడు. కాశీబుగ్గ ఇంటర్నెట్ సెంటర్లో బొమ్మలు రంగుల్లో తీయించి, మడతపెట్టి జేబులో పెట్టుకుని, కనబడ్డవాడికల్లా విప్పి చూపించాడు.

"సూడకుండా ఎలా కొన్నీసినావు మావా?" అని అడిగినవాళ్ళకి ఆయన దగ్గర సమాధానం తయారుగా ఉండేది. "జైపూరు సేటు నా పప్పు డబ్బాలు సూసి కొంతన్నాడేటి? ఫోన్లో నా మాట ఇని కొంతన్నాడు. ఇన్నేళ్ళలో ఒక్క డబ్బా ఎనక్కి రానేదు. రైతు దగ్గర కోసి సూడాల. యాపారస్తుడి దగ్గర మాట సాలు." ఆ ఇంగ్లండువాడు ఏం వ్యాపారస్తుడో, అసలు వ్యాపారస్తుడో కాడో ఆయనకి తెలియదు. కారు బొమ్మ రంగు కాగితం మీద అచ్చయింది కాబట్టి అమ్మేవాడు పెద్దమనిషే అయ్యుంటాడనుకున్నాడు.

ఎందుకు కొన్నాడన్నదానికి ఊళ్ళో తలా ఒక కథ అల్లారు. డబ్బు మదమన్నారు కొందరు. ఎలక్షన్లో నిలబడతాడన్నారు ఇంకొందరు. ఇవేవీ కావు. అసలు కారణం గణపతిరావుకి తెలుసు. తెలుసు కాబట్టే ఎవరు అడిగినా మరో కారణం చెప్పేవాడు.

ఆ ఏడాది మాఘమాసంలో ఆయన చెల్లెలి భర్త ఢిల్లేశ్వరరావు వచ్చాడు. అక్కుపల్లి దగ్గర కొబ్బరితోట అతనిది. చెల్లెలు రత్నాలమ్మకి కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో అది ఇంటింటి గోడు కాబట్టి మొదట్లో ఎవరూ గుండెలు బాదుకోలేదు. తరువాత వైజాగు తీసుకెళ్ళి రక్తం కడిగించడం మొదలైంది. ఆ వైజాగు ప్రయాణాలతో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ సగమైపోయారు.

"బావా, డాక్టరుబాబు సెప్పీసినాడు," అన్నాడు ఢిల్లేశ్వరరావు, ఇచ్చిన కాఫీ తాగకుండా. "ఇలాగ కడిగించుకుంటా ఎన్నాళ్ళో నెట్టుకురానేమట. కిడ్నీ మార్సాలట. నాది కలవనేదు. తోడబుట్టినోలెవులైనా ఉంటే ముందు ఆలని తీసుకురమ్మన్నాడు."

తోడబుట్టినవాడు గణపతిరావు ఒక్కడే.

"దానికింతలా నసుగుతావేటి బావా!" అన్నాడు గణపతిరావు గట్టిగా. "నా సెల్లికి నాను సెయ్యకపోతే ఎవుడు సేత్తాడు? వత్తాను. తప్పకుండా వత్తాను."

ఢిల్లేశ్వరరావు కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు. అతను గేటు దాటాడో లేదో గణపతిరావు చెయ్యి దానంతటదే నడుం మీదకి పోయింది. అక్కడే కదా కత్తి పడేది. నాకేమన్నా అయితే ఫ్యాక్టరీ ఏం కావాలి, పెళ్ళాం గౌరీశ్వరి ఏం కావాలి అని మొదలుపెట్టి, మధ్యాహ్నానికల్లా ఆ భయానికి బోలెడు పెద్ద పెద్ద పేర్లు పెట్టుకున్నాడు. ఒక్కటి మాత్రం కప్పిపుచ్చుకోలేకపోయాడు, తనకి భయంగా ఉందన్న సంగతి. ఆ సంగతి ఆయనకి సిగ్గుగా ఉంది. సిగ్గు మరిచిపోవడానికి సాయంత్రం ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళి, అంతకుముందు ఊరికే చూసి పెట్టుకున్న కారుకి సరేనని చెప్పించేశాడు. అంతే సంగతి. పిరికితనానికి ఎర్రరంగు వేసుకున్నాడు.

ఆ తరువాత కారు ఆయనకి బాగా అక్కరకొచ్చింది. ఢిల్లేశ్వరరావు ఫోను చేసినప్పుడల్లా కారు సంగతే చెప్పేవాడు. "ఓడెక్కింది బావా." "కస్టమ్స్ కాగితాలు తిరుగుతున్నాయి బావా." "ఎలాగూ బండి దింపుకోడానికి వైజాగు రావాల గదా, అప్పుడే ఆ పరీచ్చ కూడా సేయించీసుకుంతాను." వినడానికి అది ఎంతో సబబుగా ఉండేది. చెల్లెలు మాత్రం ఎన్నడూ అడగలేదు. ఆమె ఫోన్లో దొరికితే గణపతిరావే గబగబా మాట్లాడేవాడు. "మన సిన్నప్పుడు హైవే మీద నాన్న టీ కొట్టు దగ్గర ఆగిన కారు గుర్తుందా అమ్మీ? ఎర్రది. నువ్వు సెయ్యూపితే ఆ దొరబాబు హారను కొట్టినాడు. అచ్చం అదే. నిన్ను పక్కన కూకోబెట్టుకుని రావివలస మల్లికార్జునస్వామి దగ్గరకి తీసుకెల్తాను."

"అలాగే అన్నియ్యా," అనేదామె. "బేగి రమ్మను నీ కారుని."

కారు వైజాగులో దిగింది. గణపతిరావు అక్కడికి వెళ్ళి కాగితాల పని ముగిసేదాకా లాడ్జిలో ఉన్నాడు. ఆసుపత్రి అక్కడికి పెద్ద దూరమేమీ కాదు. ఒక పూట ఆటోవాడు ఆ రోడ్డులోంచే పోనివ్వబోతే, ట్రాఫిక్కు ఎక్కువ, వేరే దారిలో పోనీ అన్నాడు. రోడ్డు ఖాళీగా ఉంది. ఆటోవాడు అద్దంలోంచి ఓసారి చూసి, బండి తిప్పాడు. పరాయి ఊళ్ళో, పేరు తెలియని ఆటోవాడి ముందు గణపతిరావు తల దించుకుని కూర్చున్నాడు.

ఆషాఢం రాకముందే మంచిరోజు చూసి కారుని లారీ మీద పలాస తెచ్చారు. టార్పాలిను కప్పి, తాళ్ళు కట్టి తెచ్చిన బండిని పోర్టులో పైపైన చూడడమే తప్ప ఎక్కి కూర్చోలేదాయన. మంచి ఘడియ చూసి ఫ్యాక్టరీలోనే మొదటిసారి ఎక్కాలని పట్టుబట్టాడు. పిక్కలు ఎండబెట్టే కళ్ళం ఊడిపించి, నీళ్ళు చల్లించాడు. బ్యాండు పిలిపించాడు. పప్పు ఒలిచే ఆడవాళ్ళు, లారీ డ్రైవర్లు, సాటి ఫ్యాక్టరీ యజమానులు, ఆ పూట బస్తాలతో వచ్చిన రైతులు, అందరూ గోడ చుట్టూ చేరారు. ఢిల్లేశ్వరరావు కూడా వచ్చాడు. రత్నాలమ్మ రాలేకపోయింది, ఆ వేళ ఒళ్ళు తేలికగా లేదన్నాడు.

బల్లల మీద నుంచి బండిని కిందికి జార్చారు. ఎండలో ఆ ఎరుపు చూసి గుంపంతా ఒక్కసారి "అబ్బో" అంది. గణపతిరావు కాళ్ళు నేల మీద ఆనలేదు. గౌరీశ్వరి హారతిచ్చి గుమ్మడికాయ కొట్టించింది. ఆయన పంచె సర్దుకుని, తలుపు తీసి, సీట్లో కూర్చున్నాడు. తలుపు వేసుకోబోతే అది ఊడి చేతిలోకి వచ్చింది. నవ్వు మొహంతోనే దాన్ని పక్కవాడికి అందించి, తాళం తిప్పాడు. కుయ్ మనలేదు. కాలు ముందుకి చాపి గట్టిగా నొక్కాడు. కిందనున్న చెక్క పెళపెళమని విరిగి, చెప్పుతో సహా పాదం కళ్ళం నేలకి తగిలింది.

బ్యాండువాళ్ళు ఒకరి తరువాత ఒకరు ఆపేశారు.

రేకు కింద చెక్క చట్రం ఉంటుందట ఆ కాలపు బండ్లకి. గణపతిరావు వంగి ఆ చెక్కని వేలితో పొడిచి చూశాడు. వేలు లోపలికి దిగబడి, గోధుమరంగు పొడి రాలింది. మొత్తం పుచ్చే. పుచ్చు మీద రేకు, రేకు మీద నిన్నగాక మొన్న కొట్టిన రంగు. బానెట్ ఎత్తి చూస్తే ఇంజను నిలువునా చీలి ఉంది. వచ్చిన మెకానిక్కు దాన్ని చూసి, చూడనట్టు అటు తిరిగాడు.

గోడ దగ్గర నుంచి ఎవరో రైతు అరిచాడు. "బాబూ, ఒక్క పిక్క కోసి సూడవలిసింది!"

ఇంకొకడు అందుకున్నాడు. "మూతి కట్టీయండి బాబూ!"

అప్పుడు నవ్వారు. పప్పు ఒలిచే ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. గణపతిరావు కాలు ఇంకా చెక్కలోంచి బయటికి రాలేదు. ఢిల్లేశ్వరరావు ఒక్కడే గబగబా వచ్చి, వంగి ఆ కాలు విడిపించి, చెప్పు తీసిచ్చాడు. చెయ్యి పట్టుకుని మెల్లగా అన్నాడు. "ఏటీ మనసులో పెట్టుకోకు బావా. నీ సేతుల్లో ఏటున్నాది? నీ వంతు నువ్వు సేసినావు."

కారు గురించి ఓదారుస్తున్నాడనుకున్నాడు గణపతిరావు. ఆ మాటకి అర్థం అప్పుడు తెలియలేదు.

ఫ్యాక్టరీ ఆవరణలోనే ఇల్లు. ఆ మర్నాటి నుంచి ఆయన గేటు దాటలేదు. కారు మీద టార్పాలిను కప్పించి తాళ్ళు బిగించాడు. ఇంగ్లండుకి ఫోను చేస్తే మోగడమే గాని ఎత్తేవాడు లేడు. అద్దంలో మొహం చూసుకోవడానికే మొహం చెల్లలేదు. రైతు బస్తా దించిన చప్పుడైతే లోపలి గదిలోకి పోయేవాడు. పిక్కలు కోసి చూడడం గుమస్తాకి అప్పగించేశాడు. గౌరీశ్వరి కంచం ముందు పెడితే నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేవాడు. ఊరు నవ్విందని ఆయన బాధపడుతున్నాడని అందరూ అనుకున్నారు, ఆయనా అలాగే అనుకోవాలని చూశాడు.

రత్నాలమ్మ వచ్చింది ఆ రోజుల్లోనే, ఎర్రటి ఎండలో, ఆటోలో ఒక్కతే. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. ఎడమచేతి మీద సూదులు గుచ్చే చోట నరం తాడులా లేచి ఉంది. ఆటోవాడు ఆమె వెనకాలే కొబ్బరి బొండాల గెల మోసుకొచ్చి వసారాలో పెట్టాడు.

గణపతిరావు లేచి నిలబడ్డాడు. అడగడానికే వచ్చిందనుకున్నాడు.

"నువ్వెందుకొచ్చినావమ్మీ ఇంత ఎండలో?"

"నువ్వన్నం తినట్లేదని వదిన ఫోన్ సేసినాది. ఊరంతా నవ్విందంట గదా, మరి నాకు కాలు నిలుత్తాదేటి?" అంటూ మెట్టు మీద కూలబడింది. "బొండాలు తాగన్నియ్యా. మన సెట్టువే. నాకేమో డాక్టరు తాగొద్దన్నాడు. సుట్టూ తోటే, ఒక్క గుక్క తాగడానికి నేదు. సూసినావా నా యోగం!" అని తనే నవ్వింది. గౌరీశ్వరి మంచినీళ్ళు తెస్తే పెదవులు తడుపుకుని గ్లాసు పక్కన పెట్టేసింది. నీళ్ళు కూడా కొలిచే తాగాలట.

తరువాత కారు చూస్తానంది. తాళ్ళు విప్పించి, చుట్టూ తిరిగి, చేత్తో నిమిరింది. "రంగు బాగుంది. దానికేటి, గోడవార నిలబెడితే బొమ్మలా ఉంతాది. సూడకుండా కొన్నావని ఏడిసేవోలు ఏడవనీ. ఎంత తెలివైనోడైనా ఒక్కపాలి మోసపోతాడు. దీనికోసరం తిండి మానీసి ఒళ్ళు పాడు సేసుకుంతావేటి?"

ప్రాణం మీదకొచ్చిన మనిషి, నడవలేని కాళ్ళతో, తనని ఓదార్చడానికి వచ్చింది. అదీ కారు పోయిందని. గణపతిరావు భూమి చీలి తనని మింగేస్తే బాగుండనుకున్నాడు.

"అమ్మీ, ఆ డాక్టరు సెప్పిన పరీచ్చ..."

"అది ఒగ్గీ అన్నియ్యా." ఆమె ఇటూ అటూ చూసి గొంతు తగ్గించింది. గౌరీశ్వరి లోపలుంది. "నాను సెప్పీసినాను. నువ్వు వైజాగులో కారు కాడికి ఎల్లినప్పుడు పరీచ్చ సేయించుకున్నావని, నీది కలవనేదని. మీ బావకీ, మా ఊర్లో అందరికీ అలాగే సెప్పినాను."

గణపతిరావు టార్పాలిను అంచు పట్టుకుని బండి మీదకి లాగడం మొదలుపెట్టాడు.

"మీ బావ రోజూ నీ ఊసెత్తి, రాడేటి, రాడేటి అని గొనుగుతుండెవాడు. నలుగురిలో నా అన్నని ఒక మాట అంటే నాను పడలేను. అందుకే అబద్దమాడేను. నువ్వు భయపడినావు. సిన్నప్పట్నించీ సూదంటే నీకు భయం, నాకు తెల్దేటి? తప్పేటుంది? నాకూ భయమే."

"నీ వంతు నువ్వు సేసినావు" అని ఢిల్లేశ్వరరావు అన్నది కారు గురించి కాదని గణపతిరావుకి అప్పుడు అర్థమైంది. తన కాలు చెక్కలోంచి విడిపించి, చెప్పు తీసిచ్చినవాడు, పెళ్ళానికి కిడ్నీ ఇవ్వడానికి ముందుకొచ్చిన బావగారనుకుని ఆ సేవ చేశాడు. ఊరంతా నవ్వినప్పుడు పడ్డ సిగ్గు దీని ముందు ఏమూలకి? రత్నాలమ్మ మరికాసేపు కూర్చుని, ఆయన బొండం తాగేదాకా ఉండి, మర్నాడు మళ్ళీ వైజాగు వెళ్ళాలని ఆటో ఎక్కింది. ఆటో మలుపు తిరిగేదాకా గణపతిరావు గేటు దగ్గర నిలబడ్డాడు. గేటు బయట నలుగురు చూస్తున్నారన్న సంగతే ఆయనకి తట్టలేదు.

మర్నాడు పొద్దున్న పలాస స్టేషన్లో విశాఖ పాసింజరు కదలడానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. గణపతిరావు పెట్టె పెట్టె వెతుక్కుంటూ వచ్చి, కిటికీ పక్కన కూర్చున్న చెల్లెలి ఎదుట నిలబడ్డాడు. చేతిలో చిన్న సంచీ. గౌరీశ్వరికి నిజం చెప్పి వచ్చాడు. ఆమె ఏడ్చింది గాని, వద్దని మాత్రం అనలేదు.

"నానూ వత్తాను," అన్నాడు. "పరీచ్చ సేయించుకుంతాను. కలిసిందా, ఇచ్చీత్తాను."

రత్నాలమ్మ ఎగిరి గంతెయ్యలేదు. ఏడవలేదు. పక్క సీటు మీద ఉన్న గుడ్డసంచీ తియ్యనూ లేదు. అన్న మొహంలోకి చూసింది.

"ఒక మాట అడుగుతాను, నిజం సెప్తావా?"

"అడుగు."

"ఆ కారు బాగా నడిచుంటే, వచ్చీవోడివా అన్నియ్యా?"

గణపతిరావు నాలుక చివర అబద్ధాలు వరుసకట్టి నిలబడ్డాయి. ఇన్ని నెలలుగా వాడి వాడి నున్నగా అయినవే. ఎంత మాటన్నావు తల్లీ, సీజను హడావుడమ్మీ, కాగితాలు తేలకపోతేనూ. ఏ ఒక్కటి అన్నా ఆమె నమ్మినట్టే ఉంటుంది. తనకోసం నమ్మినట్టే ఉంటుంది. రావివలస తీసుకెళ్తానంటే అలాగేనన్నట్టు.

"వచ్చీవోడ్ని కాదమ్మీ," అన్నాడు. "అందులో కూకుని ఊరంతా తిరిగీవోడ్ని. నీ ఇంటి ముందు నుంచి కూడా."

పక్క బల్ల మీద ముసలాయనెవరో తలెత్తి చూశాడు.

రత్నాలమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తరువాత గుడ్డసంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"కూకో," అంది. "నాకిప్పుడు సెప్పినట్టే మీ బావకీ సెప్పు. నా అబద్దం ఇంక నాను మొయ్యలేను."

గణపతిరావు కూర్చున్నాడు. ప్లాట్‌ఫారం మీద ఢిల్లేశ్వరరావు ఒక్క టీ కప్పు పట్టుకుని, ఒలకకుండా నెమ్మదిగా వస్తున్నాడు. కిటికీలోంచి బావగారిని చూడగానే అతని మొహం వెలిగిపోయింది. "నువ్వూ వచ్చినావా బావా!" అంటూ చేతిలో టీ ఊచల మధ్య నుంచి గణపతిరావు చేతికందించి, తనకి ఇంకోటి తెచ్చుకోవడానికి వెనక్కి పరిగెత్తాడు.